పిలా, పిల్లి

గుణుపురంలో కొత్తిమీర మొలవడానికి
పదకొండు రోజులు పడుతుంది.
పిల్లికి రెండు నిమిషాలు చాలు.

ధనియాలు చెప్పుకాలికింద రెండు బద్దలు చేసి
రాత్రంతా నానబెట్టి
జాకెట్లు కొలిచే టేపుతోనే మడి కొలిచి
వంశధార ఒండ్రు జల్లెడపట్టి కప్పి
చెంబుతో కాదు, చేత్తో చిలకరించి
వచ్చి మిషను ముందు కూర్చున్నాను.
ఒక చెయ్యి కుట్టడం పూర్తికాలేదు,
కిటికీలోంచి చూస్తే
మడి నడుమ గంజిరంగు తోక నిటారుగా.
సగం మూసిన కళ్ళు.
ఏం నిమ్మళం దాని మొహంలో!
పని కానిచ్చుకుని, ఎంతో మర్యాదగా
నా ధనియాలే తవ్వి దాని మీద కప్పింది.

రేగుకంప పరిస్తే
కంపల మధ్య తన కొలతకి సందు చూసుకుంది.
నిమ్మతొక్కలు వేస్తే ఒకసారి తుమ్మి పక్కకి జరిగింది.
నీలిమందు కలిపిన నీళ్ళ సీసాలు మూలకొకటి నిలబెడితే
వాటికి వీపు రుద్దుకుంది.
కారం చల్లిన రోజున గాలి వాకిట్లోకి తిరిగింది.
చొక్కా బొత్తాలకోసం వచ్చిన లెక్కల మాస్టారు
అరగంట తుమ్మి
బొత్తాలు మరిచిపోయి వెళ్ళిపోయారు.

గోడవతల కొత్తగా దిగినవాళ్ళు. కేంద్రాపడా మనుషులు.
ఆయన బిజిలీ ఆఫీసు. ఆవిడ మినతి.
పిల్లి రోజూ ఆ గోడమీంచే దిగుతుంది కదా,
ఇంకేం సాక్ష్యం కావాలి?

నాకు ఒడియా వచ్చు.
బేరానికి సరిపడా వచ్చు, కోపానికి చాలదు.
కోపం నాకెప్పుడూ తెలుగులోనే వస్తుంది.
"అమ్మా, మీ పిల్లి నా మడి పాడుచేస్తోంది" అని
మడి చూపించి, ముక్కు మూసుకుని చూపించాను.
"మో పిలా?"
"ఆఁ, నీ పిల్లే!"
"రోజూనా?"
"రోజూ! పైగా మట్టి కప్పేసి మరీ పోతోంది!"
ఆవిడ మొహం కందిపోయింది.
కొంగు తలమీదకి లాక్కుని
"భుల్ హేలా, మావుసీ" అని తలుపు వేసుకుంది.
గెలిచానని కాఫీ పెట్టుకున్నాను.

సాయంత్రం గోడవతల రెండు దెబ్బలు.
"ముఁ నుహేఁ, బొవు, ముఁ నుహేఁ!"
నేను కాదమ్మా, నేను కాదు.
గుడ్డ మధ్యలో కత్తెర ఆగిపోయింది.

పిలా అంటే బిడ్డ.
ఇరవైరెండేళ్ళు ఈ ఊళ్ళో బట్టలు కుట్టి
ఆ మాట ఎన్ని వందలసార్లు విన్నాను!
కొలతలకి నిలబెట్టిన ప్రతి గుంటడినీ
వాళ్ళమ్మ ఆ మాటతోనే కదా అప్పగించేది.

రవికకి గుచ్చిన సూదులతోనే పరిగెత్తాను.
"పిలా నుహేఁ! బిలేయి! బిలేయి!"
అరిచినా ఆవిడకి ఎక్కలేదు.
యాభైరెండేళ్ళదాన్ని,
వాళ్ళ గుమ్మంలో నిలబడి మ్యావ్ మన్నాను.
చెంపలమీద తడి ఆరకుండానే
ముందు టుకునా నవ్వాడు.
ఆవిడ నవ్వలేదు.
"మాకు పిల్లే లేదు," అంది చాలాసేపటికి.
"అది మీదనుకుని,
పొరుగువాళ్ళ పిల్లి కదా అని మొహమాటానికి
రోజూ చేపతలలు వేస్తున్నాను."

ఇంక ఏం మాట్లాడతాం.
పిల్లి గోడమీద కూర్చుని
ఇద్దరి వైపూ చూసి మూతి నాక్కుంది.

ఆ రెండు దెబ్బలు ఎవరి పద్దులో రాయాలో
నాకిప్పటికీ తెలీదు.
తానుముక్కలతో వాడికి రెండు లాగులు కుట్టాను.
ఒకటి నడుం దగ్గర బిగువైంది, మళ్ళీ విప్పాలి.

పెరటి చివర నాలుగు గంపల ఇసక పోయించాను.
పిల్లి అందులో పడుకుంటుంది, అంతే.
కొత్తిమీర అంచుల్లో మాత్రం మొలిచింది,
నడుమ బోడిగా,
లెక్కల మాస్టారి తలలాగ.

టుకునా కర్ర పట్టుకుని గోడెక్కి కాపలా.
వాడి కథల్లో పిల్లి పులికి మావుసీ అట.
అందుకని అది దిగబోతుంటే
"మావుసీ!" అని గట్టిగా కేకేస్తాడు.

అది తల ఎత్తుతుంది.
మిషను దగ్గర నేనూ.